వేసెక్టమీ చేయించుకుంటే మళ్ళీ కలిపించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. నా వయసు 32, నా భార్య వయసు 27. మాకు ఆరేళ్ళ పాప, మూడేళ్ళ బాబు ఉన్నారు. రెండు కాన్పులూ సిజేరియన్లే. బాబు నెలలు నిండకుండా పుట్టి కొన్నాళ్ళు బాక్సులో ఉండవలసి రావడంతో అప్పట్లో పిల్లల ఆపరేషన్ వద్దనుకున్నాం. నేను గల్ఫ్‌లో బరువులు మోసే పని చేస్తాను. రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు మీద వస్తాను. ఇంకో ఐదు వారాల్లో తిరిగి వెళ్ళాలి. ఈలోగా కోడలికి ఆపరేషన్ చేయించెయ్యమని మా అమ్మ పట్టుబడుతోంది. ఆమె పొట్ట మీద ఇప్పటికే రెండు కోతలు పడ్డాయి, మళ్ళీ ఇంకొకటి ఎందుకు, నేనే వేసెక్టమీ చేయించుకుంటానని నా ఆలోచన. కాని పిల్లలకు జరగరానిది ఏదైనా జరిగితే ఎలా అని భయం. స్నేహితులేమో ‘కావాలంటే మళ్ళీ కలిపించుకోవచ్చులే’ అంటున్నారు. అది నిజమేనా? ఆపరేషన్ తర్వాత బరువు పని చేయలేకపోతానా? మగవాళ్ళకు ఒక ఇంజెక్షన్ వచ్చిందని, పదేళ్ళు పైగా పనిచేస్తుందని, వద్దనుకుంటే తీయించుకోవచ్చని వాట్సాప్‌లో చూశాను. అది ఎక్కడ చేస్తారు? నా పేరు వేయవద్దు.

సమాధానం: మీ అమ్మగారి మాటకు సరేనని ఊరుకోకుండా, రెండుసార్లు కత్తిగాటు పడిన మనిషికి మూడోసారి ఎందుకని ఆలోచించారు. అందుకు మిమ్మల్ని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. మన రాష్ట్రంలో ఇలా ఆలోచించే భర్తలు ఎంత అరుదో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలుస్తుంది. 15 నుంచి 49 ఏళ్ళ లోపు వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ట్యూబెక్టమీ, అంటే ఆడవారి పిల్లల ఆపరేషన్, చేయించుకున్నవారు కాగా, భర్త వేసెక్టమీ చేయించుకున్న దంపతులు నూటికి ఒకరైనా లేరు. రెండింటిలో తేలికైనదీ, ప్రమాదం తక్కువైనదీ, పొట్ట జోలికి పోనవసరం లేనిదీ మగవారి ఆపరేషనే అయినా లెక్క ఇలా తలకిందులుగా ఉండడం వైద్యులుగా మమ్మల్ని బాధించే విషయం.

అయినప్పటికీ మీకు ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. వేసెక్టమీ మంచి పద్ధతి, మీ ఇద్దరికీ సరిపోయే పద్ధతి కూడా కావచ్చు. కాని ‘కావాలంటే మళ్ళీ కలిపించుకోవచ్చు’ అన్న మాట మీ నిర్ణయానికి ఊతగా ఉన్నంతకాలం మీరు ఆ ఆపరేషన్‌కు వెళ్ళవద్దు. కలిపే శస్త్రచికిత్స ఉన్నమాట నిజమే. అది అందరికీ ఫలించదు, ఎవరికి ఫలిస్తుందో ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు, ఏళ్ళు గడిచేకొద్దీ ఫలించే అవకాశం తగ్గుతూ పోతుంది. అందువల్లనే వేసెక్టమీని ప్రపంచమంతటా శాశ్వత పద్ధతుల కిందనే లెక్కవేస్తారు. మీరు సంతకం చేసే అంగీకార పత్రంలోనూ అదే రాసి ఉంటుంది.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో మీకు అర్థమవుతుంది. వృషణాల్లో తయారైన వీర్యకణాలు వాటిని ఆనుకుని చుట్టలు చుట్టుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే అతి సన్నని గొట్టంలో పరిపక్వమై, అక్కడి నుంచి శుక్రవాహిక అనే నాళం గుండా పైకి వెళ్ళి వీర్యంలో కలుస్తాయి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, ఇలా రెండు నాళాలుంటాయి. వేసెక్టమీలో ఒక్కొక్క నాళాన్ని కత్తిరించి, చిన్న ముక్క తీసి, చివరలు మళ్ళీ అతుక్కోకుండా కట్టేస్తారు. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించిన పద్ధతి. దీనిని మన ఆసుపత్రుల్లో ఎన్‌ఎస్‌వీ అనీ, కోత కుట్టు లేని వేసెక్టమీ అనీ అంటారు. మత్తు సూది అక్కడికక్కడే వేసి, వృషణాల తిత్తి చర్మం మీద సన్నని రంధ్రం చేసి, దానిలోంచే రెండు నాళాలనూ పైకి తీసి పని ముగిస్తారు. సాధారణంగా అరగంట కూడా పట్టదు, కాసేపు ఉండి అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు.

తెంచడం ఇంత సులువైనంత మాత్రాన కలపడం సులువు కాదు. శుక్రవాహిక పైకి గట్టిగా, చేతికి తగిలేంత మందంగా ఉన్నా దాని లోపలి రంధ్రం సుమారు అర మిల్లీమీటరుకు మించదు. ఆ రంధ్రానికి ఆ రంధ్రాన్ని ఎదురెదురుగా నిలిపి, మైక్రోస్కోపు కింద చూస్తూ, తల వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టవలసి ఉంటుంది. ఆ నైపుణ్యం ఉన్న సర్జన్లు కొద్దిమందే, ఆపరేషన్‌కు గంటలు పడుతుంది, ఖర్చు కూడా వేసెక్టమీతో పోల్చలేనంత ఉంటుంది. పైగా ఇబ్బంది అతుకు దగ్గరే ఆగదు. నాళం కట్టేసినా వృషణాలు వీర్యకణాలను తయారుచేస్తూనే ఉంటాయి. కాలువకు దిగువన అడ్డుకట్ట వేస్తే ఎగువన నీరు ఒత్తి గట్టు ఎక్కడో బలహీనంగా ఉన్నచోట గండి పడ్డట్టు, ఏళ్ళ తరబడి నిలిచిన ఒత్తిడికి ఎపిడిడిమిస్‌లో ఎక్కడో ఒకచోట చిట్లి, అక్కడ మచ్చకట్టి, రెండో అడ్డు ఏర్పడవచ్చు. అప్పుడు కట్టిన చోట కలిపినా లాభం ఉండదు. శుక్రవాహికను నేరుగా ఎపిడిడిమిస్‌కు కలిపే మరింత కష్టమైన శస్త్రచికిత్స చేయాలి. కొందరిలో శరీరం తన వీర్యకణాలనే పరాయివిగా భావించి వాటిపై ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. అలాంటివారిలో దారి తెరుచుకున్నా కణాలకు చురుకు తగ్గవచ్చు.

ఈ విషయంలో వైద్యులు ఇప్పటికీ ఆధారంగా తీసుకునే పెద్ద అధ్యయనం 1991లో అమెరికాలో వెలువడింది. వేసెక్టమీ జరిగి వెయ్యిమందికి పైగా పురుషులకు మైక్రోస్కోపు కింద తిరిగి కలిపిన ఫలితాలు అందులో ఉన్నాయి. మూడేళ్ళ లోపు కలిపించుకున్నవారిలో 97 శాతం మందికి వీర్యంలో కణాలు తిరిగి కనిపించాయి, 76 శాతం మంది భార్యలు గర్భవతులయ్యారు. మూడు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య అయితే ఆ సంఖ్యలు 88, 53కు, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య 79, 44కు, పదిహేనేళ్ళు దాటితే 71, 30కి పడిపోయాయి. ఈ జంట సంఖ్యల మధ్య తేడాను మీరు గమనించాలి. ‘కలిసింది’ అని సర్జన్ చెప్పడం వేరు, ఇంట్లో బిడ్డ పుట్టడం వేరు. మీ స్నేహితులు చెబుతున్నది మొదటి సంఖ్య గురించి, మీకు కావలసింది రెండో సంఖ్య గురించి. ఇవి అనుభవమున్న నిపుణులు పెద్ద కేంద్రాల్లో సాధించిన ఫలితాలన్న సంగతి కూడా మరచిపోకూడదు. మీ విషయానికే వస్తే, పదేళ్ళ తర్వాత అవసరపడిందనుకుందాం. అప్పటికి మీ భార్యకు 37 ఏళ్ళుంటాయి, ఆ వయసులో గర్భం రావడం సహజంగానే కష్టమవుతుంది కనుక మీ లెక్క ఇంకా తగ్గుతుంది.

పిల్లలకేదైనా జరిగితే అన్న మీ భయాన్ని నేను తేలికగా తీసుకోను. 1996 నవంబరు తుపానును చూసిన కోనసీమ కుటుంబాలకు, కాలువ గట్టున పిల్లలను పెంచుకునే తల్లిదండ్రులకు ఆ భయం ఊరకే పుట్టేది కాదు. 2004 సునామీలో పిల్లలను పోగొట్టుకున్న దంపతులలో అప్పటికే ఆపరేషన్ చేయించుకున్నవారు ఎందరో ఉండగా, తమిళనాడు ప్రభుత్వం వారికి ఉచితంగా తిరిగి కలిపే శస్త్రచికిత్సలు చేయించింది. కొందరికి మళ్ళీ బిడ్డలు పుట్టారు, కొందరికి పుట్టలేదు. ఇలాంటి ఆపద చాలా అరుదు. మీ ఇద్దరు పిల్లలూ చల్లగా పెరుగుతారనే నమ్మకంతోనే నిర్ణయాలు తీసుకోవాలి. కాని ఆ ఆలోచన మిమ్మల్ని రాత్రిళ్ళు వదలడం లేదంటే మీ మనసు ఇంకా ‘ఇక చాలు’ అనలేదని అర్థం. బిడ్డకు అయిదేళ్ళు నిండేదాకా ఆగుదామనుకునే దంపతులు నా దగ్గరకు తరచు వస్తుంటారు. వారిని నేను ఎప్పుడూ తొందరపెట్టను.

నాళం కలవకపోయినా ఇంకొక దారి ఉంది. ఎపిడిడిమిస్ నుంచి గాని వృషణం నుంచి గాని సన్నని సూదితో వీర్యకణాలను తీసి, ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క కణాన్ని ప్రవేశపెట్టే ఇక్సీ పద్ధతిలో ప్రయత్నించవచ్చు. ఇందులో భార్యకు హార్మోను ఇంజెక్షన్లు, అండాలు తీసే ప్రక్రియ తప్పవు. ఖర్చు ప్రతి ప్రయత్నానికీ మళ్ళీ మళ్ళీ పెట్టాలి, ప్రతి ప్రయత్నమూ ఫలించదు. 2021 నాటి చట్టం ప్రకారం స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ళు దాటితే ఈ చికిత్సలు చేయరు. ఆపరేషన్‌కు ముందే వీర్యాన్ని శీతలీకరించి దాచుకోవడం నగరాల్లోని సంతాన సాఫల్య కేంద్రాల్లో సాధ్యమే కాని, ఏటేటా రుసుము కట్టాలి, తర్వాత వాడుకోవాలన్నా ఇలాంటి చికిత్సే కావాలి. అంత ఏర్పాటు అవసరమనిపించేవారికి వేసెక్టమీని కొన్నాళ్ళు వాయిదా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

నీరసం వస్తుందన్న భయం మాత్రం పూర్తిగా వదిలేయండి. మగతనానికి కారణమైన టెస్టోస్టిరాన్ హార్మోను వృషణాల నుంచి నేరుగా రక్తంలోకి చేరుతుంది, శుక్రవాహికతో దానికి సంబంధమే లేదు. కోరిక, అంగస్తంభన, గడ్డం, గొంతు, కండబలం ఏవీ మారవు. వీర్యంలో కణాల వాటా నూటికి అయిదు వంతులైనా మించదు కనుక స్ఖలనంలోనూ తేడా తెలియదు. ఆపరేషన్ తర్వాత రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకుని, బిగువైన లోదుస్తులు గాని లంగోటీ గాని కట్టుకుని, ఒక వారం బరువులెత్తడం, సైకిలు తొక్కడం మానాలి. మీలాంటి పని చేసేవారికీ, చెట్టెక్కి కొబ్బరి దింపు తీసేవారికీ, రోజంతా ఒలుపు చేసేవారికీ నేను రెండు వారాలు ఆగమని చెబుతాను. నూటికి ఒకరిద్దరికి రక్తం గూడుకట్టడమో చీము పట్టడమో జరుగుతుంది, సాధారణంగా మందులతో తగ్గుతుంది. అలాగే నూటికి ఒకరిద్దరిలో వృషణాల నొప్పి నెలల తరబడి నిలిచి ఇబ్బంది పెట్టవచ్చు. అరుదే అయినా ఈ మాట ఆపరేషన్‌కు ముందే ప్రతివారికీ చెప్పాలి.

మన డెల్టాకు సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చేర్చాలి. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎన్నో ఏళ్ళుగా ఉన్న వ్యాధి, దానివల్ల వచ్చే వరిబీజం మగవారిలో చాలామంది బయటికి చెప్పుకోరు. తిత్తి వాచి ఉన్నా, బరువుగా అనిపిస్తున్నా, గజ్జల్లో బిళ్ళలు కట్టి జ్వరం వస్తున్నా శిబిరంలో బల్ల ఎక్కేముందు సిగ్గుపడకుండా చెప్పండి. వరిబీజం ఉంటే రెండింటినీ కలిపి చేయగల సర్జన్ దగ్గరకు వెళ్ళడం మంచిది. తిత్తి చర్మం బోదకాలుతో మందమై ఉంటే ముందు దానికి వైద్యం జరగాలి.

ఇక వాట్సాప్‌లో చూసిన ఇంజెక్షన్. దానిని రిసుగ్ అంటారు. ఆచార్య సుజయ్ గుహ 1970లలో మొదలుపెట్టి దశాబ్దాలు శ్రమించిన పరిశోధన అది, గర్వించదగినదే. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 303 మంది పురుషుల మీద జరిగిన మూడోదశ ప్రయోగ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 97.3 శాతం మందిలో వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి, భార్యలలో 99 శాతానికి పైగా గర్భం రాకుండా ఆగింది. అయితే ఇది జబ్బకు వేయించుకునే ఇంజెక్షన్ కాదు. వేసెక్టమీలో లాగానే మత్తు ఇచ్చి, నాళాన్ని బయటికి తీసి, దాని లోపలికి ఒక పాలిమర్ మందును ఎక్కిస్తారు. మీకు నచ్చిన ‘వద్దనుకుంటే తీయించుకోవచ్చు’ అన్న భాగం జంతువులలో రుజువైంది కాని, మనుషులలో ఆ ప్రయోగం దానిని పరీక్షించలేదు. ఏ ఆసుపత్రిలోనూ మామూలు వైద్యంగా దీనిని ఇవ్వడం లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని వేస్తామంటే దగ్గరకు పోవద్దు.

మగవారి మాత్ర గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 1970లలో చైనాలో పత్తి గింజల నుంచి తీసిన గాసిపోల్ అనే పదార్థాన్ని వేలమంది పురుషులకు మాత్రలుగా ఇచ్చి చూశారు. గర్భం ఆగింది కాని, కొందరికి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పడిపోయింది, మరికొందరికి మాత్రలు మానేసినా సంతానశక్తి తిరిగి రాలేదు. తాత్కాలికమనుకున్నది శాశ్వతమైన ఆ అనుభవంతో దానిని వదిలేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాల్గొన్న హార్మోను ఇంజెక్షన్ల ప్రయోగం గర్భం ఆపడంలో బాగానే పనిచేసినా, మానసిక కుంగుబాటు వంటి ఇబ్బందుల వల్ల 2011లో మధ్యలోనే ఆగిపోయింది. భుజాలకు రోజూ రాసుకునే హార్మోను జెల్, హార్మోను లేని ఒక మాత్ర ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి. వీటి కోసం మీ నిర్ణయాన్ని ఆపుకోవద్దు. జిమ్ములకు వెళ్ళే కుర్రాళ్ళు కండల కోసం వాడే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వీర్యకణాలను తగ్గిస్తాయన్నది నిజమే కాని, అవి కుటుంబ నియంత్రణ సాధనాలు కావు. కొందరిలో గర్భం ఆగదు, కొందరిలో మానేశాక కూడా కణాలు చాలాకాలం కోలుకోవు.

కాబట్టి నేటికి మగవారి చేతిలో ఉన్నవి వేసెక్టమీ, కండోమ్. స్ఖలనానికి ముందే బయటికి తీసే పద్ధతిని నమ్ముకున్న వంద జంటల్లో ఏడాదిలో 20 జంటలకు గర్భం వస్తుంది కనుక దానిని నేను పద్ధతుల్లో చేర్చను. కండోమ్‌ను ప్రతిసారీ సరిగా వాడితే వందలో రెండు జంటలకే ఏడాదిలో గర్భం వస్తుంది, మామూలుగా మనుషులు వాడే తీరులో అయితే ఆ సంఖ్య 13. ఆ తేడా అంతా ‘ఈ ఒక్కసారికి ఏం కాదులే’ అన్న రాత్రులదీ, వాడే తీరులోని పొరపాట్లదీ. మన కోనసీమ ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. చేతికి అందుబాటులో ఉంటుంది కదా అని కొబ్బరినూనె రాసి కండోమ్ వాడతారు. కొబ్బరినూనె అయినా, వాజిలైన్ అయినా, మరే నూనె అయినా లాటెక్స్ రబ్బరును నిమిషాల్లో బలహీనపరుస్తుంది, కంటికి కనిపించకుండానే అది చిరుగుతుంది. జారుడు కావాలంటే మందుల షాపుల్లో దొరికే నీటితో చేసిన జెల్లీ మాత్రమే వాడాలి. కండోమ్‌లను పర్సులోనో బండి డిక్కీలోనో ఎండకు ఉంచకూడదు, గడువు తేదీ చూసుకోవాలి. ప్రభుత్వం 1968 నుంచి ఇస్తున్న నిరోధ్ ఇప్పటికీ ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరుకుతుంది.

మీరు అడగకపోయినా మీ భార్య తరఫున ఒక మాట. కాపర్ టీ 380ఏ వేయించుకుంటే పదేళ్ళ వరకు పనిచేస్తుంది, తీయించిన వెంటనే గర్భం రావచ్చు, పొట్ట కోయనక్కరలేదు, సిజేరియన్లు అయినవారికీ వేస్తారు. తీయించుకోగల పద్ధతి కావాలన్న మీ కోరికకు, ఇంజెక్షన్ కోసం వెతకడం కంటే, ఇది దగ్గరి సమాధానం. నెలసరిలో రక్తం ఎక్కువ పోయేవారికి, రక్తహీనత ఉన్నవారికి మాత్రం వైద్యురాలితో మాట్లాడి నిర్ణయించాలి. వేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

మీ సెలవు గురించి. వేసెక్టమీ చేసిన రోజు నుంచే రక్షణ మొదలవదు. కట్టిన చోటికి పైన మిగిలిన కణాలు బయటికి పోవడానికి సమయం పడుతుంది కనుక మూడు నెలలు కండోమ్ వాడి, ఆ తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే మానాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ధ్రువపత్రం ఇచ్చేది కూడా ఆ పరీక్ష తర్వాతే. మీ సెలవు రెండు నెలలే కనుక, ఎప్పుడు చేయించుకున్నా ఈ పరీక్ష మీరు పరాయిదేశంలో ఉండగానే చేయించుకోవలసి వస్తుంది. అక్కడ ఏదైనా గుర్తింపు ఉన్న ల్యాబులో చేయించుకుని కాగితం జాగ్రత్త చేసుకోవాలి. అది కుదరకపోతే మళ్ళీ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే చేయించుకుని, ఫలితం వచ్చేదాకా కండోమ్ వాడాలి. ‘రెండేళ్ళయింది కదా, ఇంకేం ఉంటాయి’ అని పరీక్ష మానడం సరికాదు. మొదట్లోనే నాళం సరిగా మూసుకోని సందర్భాలు ఆ ఒక్క పరీక్షతోనే బయటపడతాయి.

పరీక్షలో అంతా సరిగా ఉన్నా, సుమారు రెండువేల మందిలో ఒకరికి తెగిన చివరలు తమంతట తాము కలుసుకుని తర్వాత ఎప్పుడో గర్భం రావచ్చు. ఈ సంగతి మీ ఇద్దరూ ఆపరేషన్‌కు ముందే కలిసి వినాలని నేను కోరుకుంటాను. మీరు విమానమెక్కిన కొన్ని వారాలకు ఆమెకు నెల తప్పితే ఊళ్ళో నోళ్ళు ఊరుకోవు. భర్తకు ఆపరేషన్ అయిందని తెలిసిన ఇంట్లోనే ముందుగా అనుమానం పుడుతుంది. అలాంటప్పుడు జరగవలసింది మీ వీర్య పరీక్ష. ఆమెను నిలదీయడం కాదు. ఆమె దూరాన ఒంటరిగా ఉంటుంది కనుక, ఈ మాట మీ నోటితో ముందుగా మీ అమ్మగారికి కూడా చెప్పి వెళ్ళండి. ప్రభుత్వం ద్వారా జరిగిన ఆపరేషన్ విఫలమైతే పరిహారం ఇచ్చే పథకం ఉంది, దానికి ధ్రువపత్రమూ పరీక్ష కాగితాలూ కావాలి.

ఇన్ని చెప్పాక నా సలహా ఇది. ఈ ఐదు వారాల్లో మీరూ చేయించుకోవద్దు, ఆమెకూ చేయించవద్దు. రెండేళ్ళలో రెండు నెలలు మాత్రమే కలిసి ఉండే దంపతులకు కండోమ్ సరిపోతుంది, ఆమె ఇష్టపడితే కాపర్ టీ ఇంకా నిశ్చింత. రెండు సిజేరియన్ల తర్వాత అనుకోని మూడో గర్భం ఆమెకు ప్రమాదం కనుక ఈ నాలుగైదు వారాలూ కండోమ్ ఒక్కసారి కూడా వదలవద్దు. ఈసారి వచ్చేటప్పటికి బాబుకు అయిదేళ్ళుంటాయి. అప్పటికి మీ ఇద్దరి మనసులో ‘మళ్ళీ కలపడం’ అన్న మాటకు చోటు లేకపోతే, సెలవు మొదటి పక్షంలోనే వేసెక్టమీ చేయించుకోండి. తిరిగి బరువు పనికి వెళ్ళేలోపు గాయం పూర్తిగా మానడానికి సమయం ఉంటుంది. అలాకాక, నా ఉత్తరం చదివాక ‘తిరిగి కలవకపోయినా ఫరవాలేదు, మాకు ఇద్దరు చాలు’ అని మీ ఇద్దరికీ ఇప్పుడే స్థిరంగా అనిపిస్తే నేను అడ్డుపడను. ఈ వారంలోనే వెళ్ళండి, ప్రయాణానికి ముందు చివరి రోజుల్లో మాత్రం వద్దు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్ ఉచితం, చేయించుకున్నవారికి కొంత మొత్తం కూడా ఇస్తారు. మీ ఊరి ఏఎన్‌ఎంను గాని ఆశా కార్యకర్తను గాని అడిగితే అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనో, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో ఎన్‌ఎస్‌వీ చేసే రోజులు కనుక్కుని చెబుతారు. ఏటా నవంబరు 21 నుంచి డిసెంబరు 4 వరకు జరిగే పురుషుల కుటుంబ నియంత్రణ పక్షోత్సవాల్లో శిబిరాలు ఎక్కువగా ఉంటాయి. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం కనీసం ఒక బిడ్డ ఉండి, ఆ బిడ్డకు ఏడాది దాటి ఉంటే చాలు, భార్య సంతకం తప్పనిసరి కాదు. అయినా ఇద్దరూ కలిసి వెళ్ళడమే మంచిది.

మీ అమ్మగారి మీద కోపం పెట్టుకోవద్దు. 1976–77లో దేశంలో జరిగిన 80 లక్షలకు పైగా ఆపరేషన్లలో 60 లక్షలకు పైగా మగవారివే. చాలామందిని బలవంతంగా తీసుకుపోయిన ఆ రోజుల భయం ఇళ్ళల్లో ఇంకా మిగిలి ఉంది. ‘మగాడు వద్దు, ఆడదానికే చేయించండి’ అన్న మాట అప్పటి నుంచే మన ఊళ్ళల్లో మరింత గట్టిపడింది. కొడుకు పరాయిదేశంలో బరువులు మోస్తున్నాడు, ఒంట్లో బలం పోతే ఎలా అన్నది ఆమె దిగులై ఉండవచ్చు. మీరు చెబితే వినకపోవచ్చు. ఆసుపత్రికి వెళ్ళిన రోజున ఆమెను కూడా వెంట తీసుకువెళ్ళి, ఆ దిగులును డాక్టరు ముందే చెప్పమనండి.